ఊపిరి తాగే గోడలు

గోడలు ఇంకా తడిగా ఉండగానే ఇంట్లో చేరాలని ముందే చెప్పారు. అందుకని నూకరత్నం ముహూర్తం సంగతి ఎవరినీ అడగలేదు. జ్యేష్ఠమాసపు ఎండలో, ఆటోలో రెండు ట్రంకు పెట్టెలు, గ్యాసు పొయ్యి, చుట్టచుట్టిన పాత వల ఒకటి వేసుకుని, విశాఖపట్నం శివార్లలో కొండవాలున కొత్తగా వెలిసిన కాలనీకి నలుగురూ వచ్చి దిగారు. నూకరత్నం, ఆమె భర్త పోలారావు, మామ కామయ్య, ఆరో తరగతిలోకి వచ్చిన కూతురు హిమజ.

ఇల్లంటే రెండు గదులు. వెదురు తడికలకి లోపలా బయటా బూడిదరంగు ముద్ద మెత్తి ఉంది. తడిసిన గుల్లల వాసన వేస్తోంది. కామయ్య వేలితో నొక్కి చూశాడు. వేలు కణుపు దాకా దిగిపోయింది.

"ఇదేటమ్మీ, ఇంకా ఆరనేదు," అన్నాడు.

"ఇది ఎండకి ఆరదు మావా. మన ఊపిరికి ఆరతాది."

కామయ్య కోడలి ముఖం వంక చూసి, ఆమె వేళాకోళం చెయ్యడం లేదని తెలుసుకుని, లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి గట్టిగా ఒకసారి ఊదాడు. హిమజ పకపకా నవ్వింది.

నూకరత్నానికి ఆ గోడ కొత్త కాదు. విశ్వవిద్యాలయంలో డాక్టర్ కామేశ్వరి నడిపే ప్రయోగశాలలో ఆమె చాలా ఏళ్ళుగా అటెండరు. ఉక్కు కర్మాగారపు బూడిద, సున్నపు గుల్లల పొడి కలిపిన ముద్దలో కంటికి కనపడని జీవులేవో పెంచి, వాటి చేత రాయి కట్టించాలని కామేశ్వరి ప్రయత్నం. మనిషి వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును అవి తింటాయి. తిని, ముద్దని సున్నపురాయి చేస్తాయి. మొదటిసారి పరీక్ష పెట్టిన రోజున కామేశ్వరి ఒక గదిలో పలక ఉంచి, నూకరత్నాన్నీ వాచ్‌మన్‌నీ విద్యార్థులనీ అందులో కూర్చోబెట్టింది. వాళ్ళు వేరుశనక్కాయలు తింటూ రోజూ కబుర్లు చెప్పుకున్నారు. కొన్ని వారాలకి ఆ పలక సుత్తితో కొట్టినా పగల్లేదు. పక్కన ఖాళీ గదిలో పెట్టిన పలక మాత్రం ముద్దగానే ఉండిపోయింది.

ఇంత చవగ్గా ఇంత గట్టి గోడ ఎక్కడా లేదని అందరూ మెచ్చుకున్నారు. కామేశ్వరికి మాత్రం తృప్తి కలగలేదు. గట్టిపడ్డ పలకని ఖాళీ గదిలో పెట్టి ఊరుకుంటే, నెల దాటేసరికి అది తెల్లటి పొడి రాల్చడం మొదలుపెట్టేది. తిండి దొరక్క, లోపలి జీవులు తాము కట్టిన సున్నాన్నే తిరిగి కరగదీసుకు బతకబోయేవి. కొన్నాళ్ళకి పలక సుద్దముక్కలా పిండైపోయేది.

ఆ సంగతి వినడానికే గృహనిర్మాణ సంస్థ ఇంజనీరు ఆదిశేషయ్య ఒక రోజు ప్రయోగశాలకి వచ్చాడు. నూకరత్నం టీ పట్టుకెళ్ళింది.

"ఇది లోపమండీ. సరిచెయ్యడానికి ఏడాది పడుతుంది," అంటోంది కామేశ్వరి.

ఆదిశేషయ్య ఆ సుద్దపొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "నా సర్వీసంతా పేదల ఇళ్ళే కట్టించానమ్మా," అన్నాడు. "ఇప్పుడు ఏ కాలనీకైనా వెళ్ళి చూడండి. ఇల్లు వచ్చినవాళ్ళు సగం మంది అక్కడ లేరు. కష్టమొచ్చి అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు కూడా అక్కడ ఉండరు. ధర పెరుగుతుందని మూసిపెట్టుకుంటారు. ఒక పక్కన ఖాళీ ఇళ్ళు, ఇంకో పక్కన కాలవగట్టు మీద గుడిసెలు. ఉండనివాడి చేతిలో నిలవని ఇల్లు ఒకటుంటే ఎంత బాగుణ్ణని ఎన్నోసార్లు అనుకున్నాను."

"కానీ ఇది..."

"సరిచెయ్యకండమ్మా. మాకు ఇలాగే కావాలి."

ఆ మాట అన్నప్పుడు నూకరత్నానికి ఆ పెద్దమనిషి మీద గౌరవం కలిగింది. ఆమె పెళ్ళైనప్పటినుంచీ అద్దె గదులే మారుతోంది. పోలారావు ఈ తీరంలో వేట సాగక, గుజరాత్‌లో వెరావల్ రేవుకి వెళ్ళి అక్కడి షావుకార్ల బోట్ల మీద పనిచేస్తాడు. మగదిక్కు లేని ఇల్లని ఒకచోట ఇవ్వలేదు. ముసలాయన దగ్గుతున్నాడని ఒకచోట ఖాళీ చేయించారు. చేపల కూర వాసనని ఇంకోచోట. ఉండేవాళ్ళకే ఇల్లు అనే మాట చెవిన పడేసరికి, టీ కప్పులు కడుగుతూ ఆమె మనసులో ఆ మాటకి దణ్ణం పెట్టుకుంది.

* * *

చేపల వేట నిషేధం నెలలు కాబట్టి ఆ వేసవిలో పోలారావు ఇంట్లోనే ఉన్నాడు. వాళ్ళ జీవితంలో అంత సంతోషంగా గడిచిన కాలం ఇంకొకటి లేదు. హిమజ పాఠాలు గోడకి ఎదురుగా కూర్చుని పైకి చదివేది. కామయ్య వెనక గదిలో వీపు ఆనించి కూర్చుని, పెద్దవల లాగేటప్పటి పాటలు పాడేవాడు. గోడ రోజురోజుకీ బిగిసింది. బూడిదరంగు పోయి లేత గంధం రంగు తిరిగింది. గోరుతో గీస్తే మొదట్లో చార పడేది, తరవాత గోరే అరిగేది.

"మన ఊసులన్నీ ఈ గోడకి తెలిసిపోతన్నాయి రత్నం," అన్నాడు పోలారావు ఒక మధ్యాహ్నం, నేల మీద పడుకుని.

"తెలిస్తే తెల్సింది. ఎవులికీ సెప్పదు గదా."

"నాను బోటు మీద ఉన్నప్పుడు సెప్తాదేటి నాకు, నువ్వేటి సేస్తన్నావో?"

నిషేధం ముగియగానే అతను బయల్దేరాలి. బోటు అడుగున, చేపల ఐసు పెట్టెల పక్కన, ఏడెనిమిది మంది మగవాళ్ళతో ఇరుక్కుని పడుకుంటాడని ఆమెకి తెలుసు. సొంత ఇల్లుంటే చాలు, అతను వచ్చేస్తాడని, ఇక్కడే ఏ పనైనా చూసుకుంటాడని పెళ్ళైన కొత్తలో ఇద్దరూ అనుకునేవారు. ఇల్లు వచ్చింది. పని రాలేదు. శ్రావణం రాకముందే పోలారావు రైలెక్కాడు.

నలుగురి కోసం వేసిన ఇల్లు అది. ఇద్దరుంటే గోడ బతుకుతుందని, ఒక్కరే ఉంటే బతకదని కాలనీలో అందరికీ జాగ్రత్త చెప్పి పంపారు. తాళాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కొన్ని రోజులు ఎటైనా వెళ్ళి రావచ్చు. వారాలు గడిస్తే కష్టం. గోడ మీద చెయ్యి వేస్తే అరచేతికి తెల్లగా అంటుతుంది. అలా అంటితే "గోడకి ఆకలేసింది" అనేవాళ్ళు ఆడవాళ్ళు, అదేదో పాలిచ్చే గేదె అయినట్టు. చుట్టాలని పిలిచి నాలుగు రోజులు ఉంచుకునేవాళ్ళు. గోడ మళ్ళీ బిగిసేది.

చుట్టాలు లేనివాళ్ళకి, పని వెతుక్కుంటూ పోయేవాళ్ళకి అది సాగలేదు. మూడో వీధిలో రాజులమ్మ కుటుంబం మొత్తం ఇటుకబట్టీల పనికి వలసపోయింది. అందరూ కలిసి పనిచేస్తేనే అక్కడ తీసుకుంటారు. తిరిగొచ్చేసరికి ఇంటి స్థలంలో తెల్లటి కుప్ప, అందులోంచి పక్కటెముకల్లా వెదురుబద్దలు. రాజులమ్మ ఆ కుప్ప మీద కూర్చుని ఏడవలేదు. పిండిలో చేతులు పెట్టి లోపల మిగిలిపోయిన గిన్నెలు వెతుక్కుంది. ఉండనివాళ్ళకి ఇల్లు రద్దని నిబంధన. ఆ కుటుంబం మళ్ళీ కాలవగట్టుకే చేరింది.

ఆ రోజు నూకరత్నం ఇంటికొచ్చి గోడ మీద చెయ్యి వేసి చూసుకుంది. అంటలేదు. అయినా చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

* * *

కామయ్యకి సముద్రం మీద బెంగ. శ్రీకాకుళం అవతల గుల్లలపాలెం ఆయన పుట్టిన చోటు. తమ్ముడి తెప్ప ఇంకా ఆ దరినే ఉంది. కొడుకు దూరదేశం పోతే కోడలికి తోడని వచ్చాడు గానీ, ఈ కొండవాలున గాలి ఎటునుంచి వీచినా ఆయన ముక్కుకి ఉప్పు తగలదు. కార్తీకానికి వెళ్ళి తమ్ముడి దగ్గరే ఉండిపోవాలని, చేతనైనన్నాళ్ళు వల లాగాలని ఆ ఏడు నిశ్చయించుకున్నాడు. కోడలు, మనవరాలు ఇద్దరూ ఉంటారు కదా, ఇంటికి ఇబ్బంది లేదు. పంచెలు మడత పెట్టి సంచీ సర్దుకున్నాడు. వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాడు.

ఆ వారమే పార్వతీపురం అవతలి గురుకుల పాఠశాల నుంచి ఫోను వచ్చింది. ప్రవేశ పరీక్ష రాసిన హిమజకి, మధ్యలో ఖాళీ అయిన సీటు ఒకటి వచ్చింది. అక్కడే ఉండి పన్నెండో తరగతి దాకా చదువుకోవచ్చు.

నూకరత్నం తెల్లారగానే కామేశ్వరి గదికి వెళ్ళింది. మూలనున్న గాజుపెట్టెలో ఒక పలక ఉండడం, దాని మీద నీళ్ళలా రంగులేని పూత నిగనిగలాడడం ఆమె ఎన్నాళ్ళుగానో చూస్తోంది. ఆ పెట్టె ఎవరూ తెరవరు. అయినా కింద పొడి లేదు.

"మేడం, ఆ పలక రాలట్లేదు కదా?"

కామేశ్వరి రాసుకుంటున్న కలం కింద పెట్టింది. "లేదు రత్నం. ఆ పూత వేస్తే లోపలి జీవులు చచ్చిపోతాయి. గోడ అలాగే ఉండిపోతుంది. మనిషి ఉన్నా, లేకపోయినా."

"మరి అది మా ఇళ్ళకి ఏల ఎయ్యరు?"

"వెయ్యనివ్వరు. ఆదిశేషయ్యగారు ఒద్దన్నారు. నేనూ ఒకందుకు ఊరుకున్నాను." ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. "పోయిన నెలలో కార్లలో మనుషులు వచ్చారు, చూశావు కదా. గోడ నిలిచేలా చేసే మందేదైనా ఉందా అని అడగడానికి వచ్చారు. ఉందని తెలిస్తే మీ కాలనీలో ఒక్కొక్కరి కష్టం కనిపెట్టి ఒక్కొక్క ఇల్లూ కొనేస్తారు. కొన్నేళ్ళకి మీరెవరూ అక్కడ ఉండరు."

"ఇప్పుడు మేం ఉన్నాం మేడం. కానీ బడిలో సీటొచ్చినా మా పిల్ల ఎల్లడానికి నేదు."

నూకరత్నం ఖాళీ కప్పు తీసుకుని బయటికి వచ్చింది.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆమె సీటు సంగతి ఎత్తలేదు. హిమజే ఎత్తింది. "నేను వచ్చే ఏడు రాస్తానమ్మా పరీక్ష. తాతని వెళ్ళనీ."

కామయ్య ముద్ద కలుపుతూ ఆగాడు. "ఇద్దరం ఎల్తే మీ అమ్మ ఒక్కతే ఉంతాది. ఒక్క ఊపిరికి ఇల్లు ఆగదు. అంతేనామ్మీ?"

"అంతే మావా."

"అయితే పిల్ల ఎల్తాది."

"నువ్వు మీ తమ్ముడికి కబురు కూడా పెట్టీసినావు..."

"సముద్రం ఉంతాది. ఎక్కడికి పోతాది? బడిలో సీటు ఉండదు." ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "మజ్జిగ ఎయ్యి."

హిమజని బస్సెక్కించి వచ్చిన రోజు, కామయ్య సంచీలోంచి పంచెలు తీసి ఒక్కొక్కటే దండెం మీద ఆరేశాడు. అవి ఉతికి మడతపెట్టినవే.

ఆ కార్తీకంలో ఒక ఆదివారం నూకరత్నం ఆయన్ని బస్సులో నగరంలోని బీచికి తీసుకెళ్ళింది. జనం బజ్జీలు తింటున్నారు. పిల్లలు గుర్రాల మీద ఎక్కుతున్నారు. కామయ్య మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చాలాసేపు చూశాడు. వెనక్కి వచ్చాక, "ఇక్కడ సముద్రంతో ఎవులికీ పని నేదమ్మీ. అందరూ సూడ్డానికొచ్చినోళ్ళే," అన్నాడు. తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు.

మాఘమాసంలో, వెనక గదిలో రోజూ కూర్చునే చోటనే గోడకి ఆనుకుని కూర్చుని, కామయ్య ప్రాణం విడిచాడు. అంతకు ముందే కోడలిని చారు వేడి చెయ్యమన్నాడు. ఆమె గిన్నె పట్టుకొచ్చేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి.

పోలారావు అప్పుడు నడిసముద్రంలో ఉన్నాడు. బోటు రేవుకి చేరి కబురు అంది, అతను వచ్చేసరికి కర్మలు సగం అయిపోయాయి.

* * *

కామయ్యని గుల్లలపాలెం తీసుకెళ్ళారు. ఇసకలో, తమ్ముడి తెప్పకి దగ్గరగా పాతిపెట్టారు. కర్మలన్నీ ముగిసేదాకా నూకరత్నం అక్కడే ఉండాలి. బయల్దేరేటప్పుడు పక్కింటి సన్యాసమ్మ ఆమె చేతిలోంచి చీపురు లాక్కుంది.

"ఇంటి గురించి మనసులో ఎట్టుకోకు. నువ్వెల్లు. నానున్నాను."

"నీ ఇల్లో?"

"నా ఇంట్లో నా కొడుకులున్నారు, కోడళ్ళున్నారు. ఆ గోడకి తిండి ఎక్కువై అరగట్లేదు."

తండ్రి కర్మల తరవాత పోలారావు అట్నుంచి అటే వెరావల్ వెళ్ళిపోయాడు. బోటు యజమాని ఎక్కువ రోజులు ఇవ్వలేదు. నూకరత్నం ఒంటరిగా తిరిగొచ్చింది. వీధి మలుపు తిరిగేటప్పుడు తెల్ల కుప్ప కనబడుతుందేమోనని తల ఎత్తలేదు.

ఇల్లు నిలబడే ఉంది. లోపల్నుంచి మాటలు వినిపించాయి. సన్యాసమ్మా, ఇంకో అయిదారుగురు ఆడవాళ్ళూ రెండు గదుల్లోనూ చతికిలబడి విస్తరాకులు కుడుతున్నారు. ఎవరి పని వాళ్ళ ఇంట్లో చేసుకోకుండా, ఇన్నాళ్ళూ ఇక్కడికే తెచ్చుకున్నారు. నూకరత్నం గోడ మీద చెయ్యి వేసింది. రాయిలా చల్లగా ఉంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"గోడకి ఎవుల ఊపిరైతేనేటి," అంది సన్యాసమ్మ, పుల్ల విరుస్తూ. "దానికి కులమా గోత్రమా."

అది మొదలు ఆ వీధిలో అలవాటు మారింది. ఎవరు ఊరికి వెళ్ళినా వాళ్ళింట్లో విస్తరాకుల కట్టలు చేరేవి. ఒంటరిగా ఉన్న నూకరత్నం ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు.

ఈ సంగతి సంస్థ దాకా వెళ్ళి, వర్షాకాలం ముందు ఆదిశేషయ్య తనిఖీకి వచ్చాడు. ఆయన బాగా అలసిపోయి ఉన్నాడు. లోపలి ఆడవాళ్ళని చూసి, చెప్పులు విడిచి, గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఇది కుదరదమ్మా," అన్నాడు మెల్లగా. "ఇల్లు ఎవరి పేరున ఉందో ఆ కుటుంబమే ఉండాలి. ఇవాళ మీరు పొరుగువాళ్ళ ఊపిరితో నిలబెడతారు. రేపు ఎవడో కొని, కూలికి మనుషుల్ని కూర్చోబెట్టి నిలబెడతాడు."

"పెందుర్తి కాడి కాలనీలో కూకోబెడతన్నారు బాబూ," అంది సన్యాసమ్మ. "మా మేనకోడలు ఎల్తంది. ఊపిరి కూలి. పగలంతా ఖాళీ ఇంట్లో కూకుని ఒచ్చీడమే."

ఆదిశేషయ్య కళ్ళజోడు తీశాడు. ఆ మాట ఆయనకి తెలియదని అందరికీ అర్థమైంది.

"కూలిచ్చినోడు నిలబెట్టుకుంతన్నాడు బాబూ," అంది నూకరత్నం. "రాజులమ్మ ఇల్లు పిండయిపోయింది. మా మావ కదలకుండా కూకుని పోయాడు. ఈ గోడ ఆపింది మమ్మల్నే."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని లేచి, చెప్పులు వేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు తనిఖీ సంగతి ఎత్తలేదు.

* * *

తరవాతి ఆదివారం కామేశ్వరి కాలనీకి వచ్చింది. పూత పూసిన పలక సంచీలో తెచ్చింది. తీసుకురాకూడదని ఆమెకి ఉత్తర్వు ఉంది. నీళ్ళ ట్యాంకు కింద జనం పోగయ్యారు. ఆమె ఆ పలకని అందరి చేతుల్లోనూ తిప్పించింది.

"ఇది వేస్తే మీ గోడలు మీరు లేకపోయినా నిలుస్తాయి," అంది. "అప్పుడు కొనేవాళ్ళు వస్తారు. ఇన్నాళ్ళూ అందుకే దాచాను. ఇళ్ళు ఎవరి పేరునా విడివిడిగా ఉండకుండా, నేలంతా కాలనీ సంఘం పేరున ఉంటే ఎవరూ ఒక్కరుగా అమ్మడానికి ఉండదు. మీరు ఉండొచ్చు, వెళ్ళొచ్చు, తిరిగి రావచ్చు. మీ పిల్లలకీ వస్తుంది. అమ్ముకోవడం మాత్రం కుదరదు."

అందరూ సంతోషపడతారని ఆమె అనుకున్నట్టుంది. చివరి వీధి సత్తిబాబు లేచాడు. అతని భార్య కిడ్నీ జబ్బుతో మంచాన ఉంది.

"అమ్ముకోడానికి నేకపోతే అది నా ఇల్లెలాగవుతాదమ్మా? ఉన్నోడి ఇల్లు ఆడి కష్టానికి ఆదుకుంతాది. మా ఇల్లు మాత్రం ఉత్తి గోడలేనా?"

సత్తిబాబు అన్నదాంట్లో తప్పేమీ లేదని నూకరత్నానికి తెలుసు. లేచి అతని పక్కకి వెళ్ళి నిలబడింది.

"నిజమే తమ్ముడూ. ఇల్లు అమ్మితే మరదలికి వైద్యం అవుతాది. ఆ తరవాత మరదల్ని ఎక్కడికి తీసుకెల్తావు?"

చేతులెత్తమన్నప్పుడు చాలామంది ఎత్తారు. సత్తిబాబు ఎత్తలేదు. అలాగని లేచి వెళ్ళిపోనూ లేదు. ఆ వర్షాకాలంలో అతని భార్య చనిపోయింది. సంఘం వాళ్ళు చందాలు వేసుకుని ఆసుపత్రికి తిప్పారు గానీ, అది చాలలేదు. ఆ తరవాత సత్తిబాబు సంఘం సమావేశాలకి రాలేదు, నూకరత్నం ఎదురుపడితే పక్క వీధిలోకి తిరిగేవాడు.

కాగితాలు ఆఫీసుల చుట్టూ తిరగడానికి రెండు వర్షాకాలాలు పట్టింది. ఉత్తర్వు మీరినందుకు కామేశ్వరికి ప్రాజెక్టు తీసేశారు. ప్రయోగశాల మూతపడింది. ఆమె పాఠాలు చెప్పుకోవడానికి తిరిగి తరగతి గదికి వెళ్ళింది. నూకరత్నానికి పని పోయింది. విస్తరాకులు కుట్టడం నేర్చుకుంది. ఆదిశేషయ్య పదవీ విరమణకి ముందు చివరగా సంతకం చేసినవాటిలో ఆ కాలనీ కాగితం కూడా ఉందని ఎవరో చెప్పారు. ఈ ఒక్క కాలనీకే, ప్రయోగం కింద అనుమతి. మిగతా కాలనీల్లో గోడలు ఇంకా ఊపిరి తాగుతూనే ఉన్నాయి.

పూత వేసేవాళ్ళు వచ్చిన రోజున కామేశ్వరి కూడా వచ్చింది. ఆమె జుట్టు ముందువైపు నెరిసింది.

"మేడం, ఇది పూసినాక ఇంక మా ఊపిరి తీసుకోదా?" అని అడిగింది నూకరత్నం.

"తీసుకోదు రత్నం. ఇప్పటిదాకా తీసుకున్నదే ఉంటుంది."

ముందు గది అయిపోయింది. వెనక గదిలో, కామయ్య కూర్చునే చోట గోడ నున్నగా అరిగి, ఆయన వీపు వెడల్పున కాస్త ముదురు రంగు తేలి ఉంది. కుంచె పట్టుకున్న కుర్రవాడు అటు రాబోతే నూకరత్నం ఆపింది. వెళ్ళి అక్కడ గోడకి చెంప ఆనించింది. ఆ మనిషి సముద్రపుటొడ్డున వదలాల్సిన ఊపిరంతా ఇక్కడే వదిలాడు. ఆమె కూడా నిండుగా ఒకసారి పీల్చి, మెల్లగా ఆ గోడ మీద వదిలింది. తరవాత పక్కకి జరిగి, "పూసీ బాబూ," అంది.

* * *

పూత ఆరిన మర్నాడు ఆమె బజారుకి వెళ్ళి తాళంకప్ప కొంది. దాన్ని తలుపుకి వేసి లాగి చూస్తుంటే సన్యాసమ్మ తన గుమ్మంలోంచి నవ్వింది. ఆ వీధిలో తాళం పడిన మొదటి తలుపు అదే.

ముందు పార్వతీపురం వెళ్ళి హిమజని చూసింది. పిల్ల తనకంటే పొడుగైపోయింది. అక్కణ్ణుంచి తిరిగొచ్చి పడమటి వైపు రైలెక్కింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో భర్త ఉండే ఊరు ఆమె ఎప్పుడూ చూడలేదు. రేవులో అతను పడుకునే బోటు చూడాలి. అతనితో పాటు కొన్నాళ్ళుండి, చేతులారా వండిపెట్టాలి. ఫోనులో ఈ మాట చెప్పినప్పుడు పోలారావు, "రొట్టెలు తినలేకపోతన్నాను రత్నం. ఎండు చేపలు తీసుకురా," అన్నాడు. సంచీ అడుగున అవి గుడ్డలో చుట్టి ఉన్నాయి.

రైలు ఒడిశా దాటి ఏదో తెలియని నేల మీద పోతోంది. బయట పత్తిచేలు. సంతోషంగా ఉండాల్సిన సమయంలో ఆమె గుండెలో ఏదో లాగుతున్నట్టయింది. ఈపాటికి ముందు గదిలోకి ఎండ వచ్చి ఉంటుంది. దాన్ని చూడడానికి ఎవరూ ఉండరు. వంటింటి అరలో ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టిందో లేదో. తులసి మొక్కకి సన్యాసమ్మ నీళ్ళు పోస్తుందో లేదో. వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది. ఎన్ని అద్దె గదులు వదిలిందో జీవితంలో, ఒక్కదాని మీదా ఇలా మనసు లాగలేదు. ఇదేమిటో ఆమెకి ముందు అంతుపట్టలేదు. కాసేపటికి తెలిసింది. సముద్రం గురించి మామ గంటల తరబడి కూర్చుని పడ్డ బెంగ ఇదే.

ఎదురు సీట్లో ముసలమ్మ, విజయనగరం మనిషి, చెంగుతో విసురుకుంటూ అడిగింది. "కళ్ళమ్మట నీళ్ళెట్టుకున్నావేటమ్మా? ఇంటికాడ ఎవులున్నారు?"

"ఎవులూ నేరమ్మా," అంది నూకరత్నం. "తాళం ఏసుకుని ఒచ్చాను."

ఆ మాట అన్నాక, దాన్ని ఇంకోసారి అనాలనిపించింది గానీ అనలేదు. కొంగుకి ముడేసిన తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.